పెట్టెలోని పాత రివాల్వరు



మన పల్నాడు ఆయుధమునకు స్నానము చేయించి పూజించు సీమ. కారెంపూడిలో నాగులేటి యొడ్డున వీరుల గుడి కలదు. ఏటేట కార్తికమాసపు టమావాస్య మొదలుకొని యైదు దినములు అచ్చట వీరారాధనము జరుగును. పండ్రెండవ శతాబ్దపు పోరులో మడిసిన వీరుల పేర నిలుపుకొన్న ఆయుధములను వీరాచారవంతులు ఊరూరినుండి మోసికొని వచ్చి, నీటిలో కడిగి, పసుపుకుంకుమలతో అర్చింతురు. ఆ ఆయుధములతో నేడెవ్వరును పోరాడరు. అయినను తండ్రి చేతినుండి కొడుకు చేతికి అవి క్రమముగా వచ్చుచునే యున్నవి. ఆయుధమును కాపాడుట యనునది దానిని ప్రయోగించుటకంటె వేఱైన విద్య యని మన పూర్వులు చక్కగా నెఱిగియుండిరి.

నేను నేడు ప్రస్తావింపబోవు ఆయుధము అంత ప్రాచీనమైనది గాదు. దానికి గుడియు లేదు, ఉత్సవమును లేదు. అది పాత యిండ్లలో ఇనుపపెట్టె యడుగున, పట్టాకాగితముల నడుమ, గుడ్డలో చుట్టబడియుండు రివాల్వరు. నేను చిలకలూరిపేట వాడను. మా పేట ప్రత్తి, పొగాకు, మిరపకాయల వర్తకమునకు పేరుపొందిన యూరు. మదరాసునుండి కలకత్తాకు పోవు పెద్దబాట మీది బస. రొక్కముతో ప్రయాణము చేయు వర్తకులును, ఊరికి దూరముగా పొలములలో కాపురముండు మోతుబరులును ప్రభుత్వమువారి యనుమతి పొంది ఇట్టి ఆయుధమును కొని యుంచుకొనుట ఈ ప్రాంతమున నెఱుగని విషయము గాదు. కొన్నవారు కాలము చేసిరి. ఆయుధము మాత్రము మిగిలినది. అది ఎక్కడ పుట్టినది, ఎట్లు పనిచేయును, దానిని చెడకుండ నుంచుట యెట్లు, చివరకు ఎవరి చేతికి పోవలెను అను నాలుగు సంగతులను క్రమముగా మనవి చేసెదను.

పూర్వపు పిస్తోలున ఒక్క గుండు పేలినంతనే మరల మందు దట్టించి గుండు వేయవలసి యుండెను. ఈ యిబ్బందిని తొలగించుటకు అమెరికా దేశస్థుడగు సామ్యూల్ కోల్టు అనునాతడు గొట్టము వెనుక తిరుగుడు చక్రము నమర్చి, దానిలో గదులు ఏర్పఱచి, 1835లో ఇంగ్లండునందును 1836లో అమెరికాయందును హక్కుపత్రము పొందెను. తిరుగునది గావున దానికి రివాల్వరని పేరు కలిగెను. అయితే కోల్టు ఆయుధమున ప్రతి పేలుడునకు ముందు సుత్తిని బొటనవ్రేలితో వెనుకకు లాగవలెను. 1851లో లండనునందు జరిగిన మహాప్రదర్శనమున రాబర్టు ఆడమ్సు అను ఆంగ్లేయుడు మఱొక విధమైన రివాల్వరును చూపెను. దానియందు మీటను నొక్కినచో చాలును. సుత్తి తానే లేచి తానే పడును. తరువాత బోమాంటు అను సైనికాధికారి యీ రెండు పద్ధతులను ఒక్కచోట చేర్చెను. వ్రేలితో సుత్తిని లాగి నిదానముగా కాల్చవచ్చును; లేదా తొందరయైనపుడు మీట నొక్కియే కాల్చవచ్చును. దీనినే డబుల్ యాక్షను రివాల్వరు అందురు. 1857లో ఉత్తర హిందూస్థానమున సిపాయిలు తిరుగబడు నాటికి ఇట్టి ఆయుధములు ఆంగ్ల సేనాధికారులు పలువురి నడుములకు వ్రేలాడుచుండెను.

పిమ్మట మందు, గుండు, నిప్పురవ్వ పుట్టించు మూత, ఈ మూడును ఒక్క యిత్తడి గుల్లలో నిమిడిన తూటా వాడుకలోనికి వచ్చెను. బర్మింగుహాము నగరమందలి వెబ్లీవారు చేసిన రివాల్వరును బ్రిటిషు సైన్యము 1887లో స్వీకరించెను. దాని గొట్టము మడతబందు వలె క్రిందికి వంగును. వంగినపుడు కాలిన గుల్లలన్నియు ఒక్కమాఱుగా వెలికి వచ్చును. అమెరికాలో కోల్టువారు 1889లోను, స్మిత్ అండ్ వెస్సనువారు 1896లోను చక్రము ప్రక్కకు జరిగి తెఱచుకొను రకమును విక్రయమునకు తెచ్చిరి. మన ప్రాంతపు పెట్టెలలో ఎక్కడైన పాత రివాల్వరు కనబడినచో అది తఱచుగా ఈ రెండు జాతులలో నొకదానికి చెందినదై యుండును.

ఇక మన దేశమున ఆయుధము గతి యేమైనదో చూతము. 1857 తిరుగుబాటు అణగిన పిదప ప్రజల చేతులలోనుండి ఆయుధములను తీసివేయుటకు పాలకులు పూనుకొనిరి. 1878లో లిట్టను ప్రభువు రాజప్రతినిధిగా నున్నపుడు ఆయుధముల చట్టము పుట్టెను. హిందూదేశస్థుడు ఆయుధ ముంచుకొనవలెనన్నచో లైసెన్సు పొందవలెను. తెల్లవారికి ఆ నిర్బంధము లేదు. ఒకే యూరిలో ఒకే బాటను నడచు ఇద్దఱిలో ఒకనికి ఆయుధము హక్కు, మఱియొకనికి నేరము. ఈ భేదము ప్రజల మనస్సులను ఎంతగా నొప్పించినదో చెప్పనలవిగాదు. జాతిభేదము 1920 నాటి నిబంధనలతో తొలగెను గాని లైసెన్సు తొలగలేదు. 1931లో కరాచీ కాంగ్రెసు మహాసభ ప్రాథమిక హక్కుల తీర్మానమును చేసినపుడు, కట్టుబాట్లకు లోబడి ఆయుధము నుంచుకొను హక్కును కూడ అందు చేర్చెను. అహింసను వ్రతముగా గొన్న సంస్థయే యీ మాట చేర్చుట గమనింపదగినది. ఆ తీర్మానము ఉద్దేశించినది పౌరుని గౌరవము.

ఆ దినములలో మన చుట్టుపట్ల ఏమి జరిగినదో పెద్దలకు తెలియనిది గాదు. చిలకలూరిపేటకు పొరుగున నున్న పెదనందిపాడు ఫిర్కాలో 1921-22 సంవత్సరములలో రైతులు పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వమున పన్నుల నిరాకరణము సాగించిరి. వారి శాంతిసేనకు తుపాకి లేదు. పల్నాట పుల్లరికి ఎదురు నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో మించాలపాటిలో పోలీసుల కాల్పులకు బలియైనాడు. తుపాకులన్నియు ప్రభుత్వము వైపుననే యుండెను. అదే సంవత్సరము ఆగస్టు నెల 22, 23, 24 తేదులలో మన్యమున అల్లూరి సీతారామరాజు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి 26 తుపాకులను, 2,500కు పైగా తూటాలను తీసికొనెను. ప్రజలవద్ద ఆయుధములు లేని దేశమున తిరుగబడినవాడు ముందుగా ఠాణాకే పోవలసివచ్చెను. ఈ మూడు కథలును ఒక్క యేడాదిలోనివే. ఆయుధము ఎవరివద్ద నున్నది, ఎవరి యనుమతితో నున్నది అను ప్రశ్న మన తాతల నాడు ఎంత బరువైనదో వీనివలన తెలియును. అట్టి కాలమున ఒక కుటుంబము లైసెన్సు పొంది రివాల్వరు కొన్నదన్నచో అది అవసరమునకు తోడు ఒక హోదా కూడ. కనుకనే దానిని అమ్ముకొనక, పాఱవేయక, దాచుకొనిరి.

ఆయుధపు కొలత విషయమున ఒక చిత్రమైన చరిత్ర కలదు. మన దేశమున గృహస్థుల రివాల్వర్లలో .32 బోరు అంత ప్రచారము పొందుటకు కారణమేమి? సైన్యము వాడు తూటాలు ప్రజల చేతిలోని ఆయుధమున పట్టరాదని పాలకులు తలంచిరి. పట్టినచో సైనికుల సంచులలోనుండి తూటాలు దొంగిలింపబడి బయటికి ప్రవహించునని వారి భయము. స్వాతంత్ర్యము వచ్చిన పిదప 1959లో చేయబడి, 1962 అక్టోబరు 1వ తేదినుండి అమలైన క్రొత్త ఆయుధముల చట్టమును అనుసరించిన నిబంధనలలోను ఈ జాగ్రత్త నిలిచినది. .380, .455 బోర్ల సైనిక తూటాలు పట్టు రివాల్వర్లు నిషిద్ధ జాతిలో చేర్పబడినవి. .32 బోరు సైన్యమునకు అక్కఱలేని కొలత గావున గృహస్థునకు దక్కినది. అందుచేత పాత ఆయుధము చేతికి వచ్చినవాడు మొట్టమొదట గొట్టముపై చెక్కిన బోరును చదివించి తెలిసికొనవలెను. అది నిషిద్ధ బోరైనచో దాని లైసెన్సు సంగతి జిల్లాతో తీరదు. కేంద్రప్రభుత్వము వఱకు పోవలసి యుండును.

మఱొక కారణమును చెప్పవలెను. 1980వ దశకము మధ్యనుండి పరదేశపు ఆయుధములను సామాన్యులు దిగుమతి చేసికొనుట యించుమించుగా నిలిచిపోయినది. నాటినుండి దేశమున నున్న పాత వెబ్లీలు, స్మిత్ అండ్ వెస్సనులు ఎన్ని యున్నవో అన్నియే. పరదేశమునుండి క్రొత్తవి వచ్చుట లేదు. వాని వెల పెరిగినది. కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారములు .32 రివాల్వర్లను చేసి విక్రయించుచున్నవి. 2014లో నిర్భీక్ అను తేలిక రివాల్వరును, 2023లో ప్రబల్ అను ప్రక్కకు తెఱచుకొను రకమును వెలువరించినవి. కాని యింట నున్న పాతదానిని చక్కగా నిలుపుకొనుట నేటికిని పలువురకు ప్రాప్తించిన పని. దానికి దాని యంత్రము కొంత తెలియవలెను.

డబుల్ యాక్షను రివాల్వరు లోపల గడియారమును బోలిన పొందిక కలదు. మీటను నొక్కుచుండగా నాలుగు పనులు వరుసగా జరుగును. ఒక చిన్న కొక్కెము పైకి లేచి చక్రమును వెనుకనుండి త్రోయును. చక్రము ఒక గది మేరకు తిరుగును. మఱొక చిన్న గడియ క్రిందనుండి లేచి చక్రపు గాడిలో బడి, గది సరిగా గొట్టమునకు ఎదురుగా నిలుచునట్లు బిగించును. ఈలోపల సుత్తి వెనుకకు పోవుచు పెద్ద కమానును వంచును. తుదకు సుత్తి విడుదలై తూటా మూతపై పడును. ఒక తూటా పేలకపోయినచో మరల మీట నొక్కిన చాలును. తరువాతి గది యెదుటికి వచ్చును. ఈ నాలుగు పనులలో ఏ యొకటి యైనను వెంట్రుకవాసి వెనుకబడినచో ఆయుధము శత్రువునకంటె పట్టుకొన్నవానికే యెక్కువ కీడు చేయగలదు.

కావున పాత రివాల్వరును చేతికి తీసికొనువాడు ముందుగా చేయవలసినది ఒక్కటే. గొట్టము మనుష్యులు లేని దిక్కునకు త్రిప్పి, వ్రేలు మీటపై బెట్టక, చక్రమును తెఱచి, గదులన్నియు ఖాళీగా నున్నవని తన కండ్లతో చూచుకొనవలెను. ఇందాకనే చూచితినని గాని, తండ్రిగారు ఖాళీచేసి పెట్టిరని గాని నమ్మరాదు. పెట్టెలోనుండి తీసినపుడెల్ల అది నిండియున్నదనియే భావింపవలెను. తుడుచునపుడు తూటాలు ఆ గదిలోనే యుండరాదు.

ఖాళీ యైనదని నిశ్చయించిన పిదప ప్రాయమును పరీక్షింపవచ్చును. సుత్తిని మెల్లగా వెనుకకు లాగినపుడు, సుత్తి నిలుచుటకు ముందే చక్రము టక్కున బిగియవలెను. సుత్తి నిలిచినను చక్రము ఇంకను అటునిటు కదలుచున్నచో కొక్కెముగాని గడియగాని అరిగినదన్నమాట. అట్టిదానిని కాల్చినచో గుండు తిన్నగా గొట్టమున దూరక అంచునకు తగిలి, సీసపు పెళ్లలు ప్రక్కలకు చిమ్మును. చక్రమునకును గొట్టమునకును నడుమ సందు ఒకటి రెండు కాగితముల మందమున నుండుట స్వభావము. అంతకు మించి యెడమైనచో మంటయు వాయువును ప్రక్కకు తన్నును. వెబ్లీ జాతి మడతబందు రివాల్వరున పై గొళ్లెము వదులైనదా యని కూడ చూడవలెను. ఆ గొళ్లెమే గొట్టమును చట్టమునకు పట్టియుంచును.

ఇట్టి లోపము కనబడినచో ఊరి కమ్మరికి గాని, గడియారములు బాగుచేయువానికి గాని ఇయ్యరాదు. పనితనము ఎంత యున్నను చట్టము ఒప్పదు. ఆయుధములను బాగుచేయు వ్యాపారమునకు ప్రత్యేకముగా లైసెన్సు కావలెను. లైసెన్సు గల పనివానివద్దకే మీ లైసెన్సు పుస్తకముతో తీసికొనిపోవలెను.

ఆయుధమునకు శత్రువులు అనేకులు. మొదటివాడు తేమ. మనకు సముద్రము ఎంతో దూరమున లేదు. నైరృతి వానలు పోయినంతనే ఈశాన్యపు వానలు, తుపానులు వచ్చును. అందుచేత ఆషాఢమునుండి కార్తికము కడపటి వఱకు మాసమున కొకమాఱైనను ఆయుధమును తీసి చూడవలెను. రెండవ శత్రువు మన చేతి చెమట. అందు ఉప్పు కలదు. వట్టి చేతితో పట్టుకొని అట్లే పెట్టెలో పెట్టినచో కొన్ని దినములకు వ్రేళ్ల ముద్రలే త్రుప్పుగా తేలును. పట్టుకొన్న ప్రతిమాఱు పొడిగుడ్డతో తుడిచి, పలుచగా నూనె రాయవలెను.

మూడవ శత్రువు పాత తూటా. పూర్వకాలపు తూటాల మూతలలో పొటాసియం క్లోరేటు వాడుచుండిరి. అది పేలినపిదప గొట్టమున ఒక విధమైన ఉప్పు మిగులును; ఆ యుప్పు గాలిలోని తేమను పీల్చి రాత్రికి రాత్రి త్రుప్పు పుట్టించును. నూనె ఈ యుప్పును కరగింపజాలదు. నీరు కరగించును. అందుకే పూర్వపు సిపాయిలు కాల్చినపిదప గొట్టములో సలసల క్రాగు నీరు పోసి కడిగి, ఆ వేడికే ఆఱనిచ్చి, పిమ్మట నూనె పట్టించుచుండిరి. ఆయుధమునకు నీరు పోయుట చూచి తెలియనివారు ఆశ్చర్యపడుదురు గాని అందు రసాయనశాస్త్రము కలదు. నేటి తూటాల మూతలు పెక్కింట ఆ దోషము లేదు. కాని యెప్పటివో తెలియని తూటాలు పెట్టెలో నున్నచో వానిని కాల్చిచూడవలెనను కోరిక మానుకొని, లైసెన్సు గల వర్తకునకో ఠాణాకో చట్టప్రకారము అప్పగించుట క్షేమము. నల్లమందు కాలమున చేసిన బలహీనమైన చట్టమున పొగలేని మందు తూటాను పేల్చుట మఱింత ప్రమాదము. లండను, బర్మింగుహాము పరీక్షశాలల ముద్రలు గొట్టముపై నుండును. తెలిసిన పనివాడు వానిని జూచి, ఆ ఆయుధము ఏ మందుకు ఓర్చునో చెప్పగలడు.

నాలుగవ శత్రువు మంచి యుద్దేశముతో రాసిన చెడ్డనూనె. మన యిండ్లలో ఇనుమునకు ఆముదమో కొబ్బరినూనెయో రాయుట వాడుక. ఈ వృక్షజాతి నూనెలు కాలక్రమమున గాలి సోకి జిగురుగా మాఱును. ఆ జిగురు లోపలి కొక్కెమును కమానును పట్టివేయును. సుత్తి బద్ధకముగా పడును. ఖనిజతైలమునకు ఆ గుణము లేదు. బ్రిటిషువారు తమ తుపాకులకు రంగూను నూనె యని ఒకదానిని వాడుచుండిరి. అది బర్మా భూమిలోనుండి తోడిన ఖనిజతైలము. కూలికై బర్మాకు పోయిన మన తెలుగువారు ఆ రంగూను పేరు ఎఱుగనివారు గారు. నేడు తుపాకులకే ప్రత్యేకించిన నూనెలు దొరకును. ఏదైనను చుక్కలతో చాలును. అధికమైనచో ధూళిని పట్టును, తూటా మూతలోనికి దిగి దానిని చంపును.

అయిదవ శత్రువు తోలుసంచి. నడుమున ధరించుటకు అది తగినదే గాని నిలువయుంచుటకు తగదు. తోలు తేమను పీల్చి పట్టుకొనును. తోలు ఊనుటకు వాడిన పదార్థములు ఉక్కును తినును, ఇత్తడి తూటాలకు పచ్చని చిలుము పట్టించును. కావున తోలుసంచి వేఱుగా, ఆయుధము వేఱుగా ఉంచవలెను. చుట్టు గుడ్డ గంజి పెట్టనిదై, బాగుగా ఉతికి ఎండినదై యుండవలెను. గంజి తేమను పిలుచును. తేమను పీల్చు గుళికల పొట్లమొకటి పెట్టెలో నుంచుటయు మేలు.

ఆఱవ శత్రువు అత్యుత్సాహము. దసరాకు ఆయుధపూజ చేయువారు కొందఱు గరుకుకాగితము పట్టి వెండివలె మెఱయునట్లు తోముదురు. ఆ నల్లని నీలిమయే ఉక్కునకు కవచము. అది పోయినచో త్రుప్పునకు తలుపు తెఱచినట్లే. అంతకంటె పెద్ద కీడు మఱొకటి కలదు. చట్టముపై చెక్కిన అంకెలు, పరీక్షశాల ముద్రలు తోముడుకు అరిగిపోవును. లైసెన్సు పుస్తకములో వ్రాసిన అంకె ఆయుధముపై కనబడనినాడు, ఈ ఆయుధము ఆ లైసెన్సుదే యని ఋజువు చేయుట యెట్లు? గుర్తింపు అంకెను చెఱిపివేయుట చట్టము దృష్టిలో నేరము. నిర్దోషియైన గృహస్థుడు ఆ అనుమానము పాలగుట యెందుకు? పూజకు పసుపుకుంకుమలు పెట్టినచో ఆ సాయంకాలమే తుడిచి నూనె రాయుడు. తడిపసుపును రాత్రియంతయు ఉంచరాదు.

ఆయుధము నుంచు చోటు గూర్చి రెండు మాటలు. ఆయుధము ఒకచోట, తూటాలు ఒకచోట, రెండింటికిని తాళములు, తాళపుచెవులు పెద్దల మొలలో. తలగడ క్రింద, బీరువా బట్టల నడుమ దాచినది పసిపిల్లల కంటబడక మానదు. డబుల్ యాక్షను మీట బిగువుగా నుండును గావున పిల్లవాడు నొక్కలేడని కొందఱు ధైర్యము చెప్పుకొందురు. రెండు చేతులతో నొక్కిన పిల్లవాని బలము తక్కువ గాదు. ఇక పెండ్లి యూరేగింపులలో, జాతరలలో ఆకాశమునకు కాల్చు వేడుక యున్నది. పైకి పోయిన గుండు ఎక్కడనో పడవలసినదే. 2019లో సవరింపబడిన చట్టమున ఇట్టి వేడుక కాల్పులకు రెండేండ్లవఱకు ఖైదుగాని, లక్ష రూపాయలవఱకు జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును.

ఎన్నికల సంగతియు ఈ సందర్భముననే చెప్పదగినది. ఎన్నికల ప్రకటన వెలువడినపుడు లైసెన్సుదారులు తమ ఆయుధములను ఠాణాలో అప్పగింపవలెనని అధికారులు ఆజ్ఞాపింతురు. 2024 మే 13వ తేది పోలింగునాటి యల్లరుల పిదప పల్నాటిలో 144వ సెక్షను విధింపవలసివచ్చిన సంగతి మీరెఱుగుదురు. ఇట్టిచోట ఆ కట్టుబాటు ఎందుకని యడుగ నక్కఱలేదు. అప్పగించుటకు ముందు ఆయుధమును కడిగి, నూనె పట్టించి, పొడిగుడ్డలో చుట్టి, దాని జాతి, బోరు, అంకె వ్రాయించి రసీదు పుచ్చుకొనవలెను. మాసములకొలది అది యితర ఆయుధములతో నొక గదిలో పడియుండును. తిరిగి తెచ్చుకొన్నదినమున మరల చక్రము తెఱచి, గొట్టము వెలుతురునకు పట్టి చూడవలెను. చాలమంది అట్లే గుడ్డతో పెట్టెలో వైచి మఱచిపోవుదురు. మఱుసటి యెన్నికలనాటికి అది త్రుప్పుముద్ద.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాను. త్రుప్పు ఆయుధమును మాత్రమే తినును. లైసెన్సు విషయమున నిర్లక్ష్యము కుటుంబమును తినును. లైసెన్సు మనుష్యునకు ఇచ్చినది. ఇంటికి ఇచ్చినది గాదు. తండ్రి మరణించిననాడు ఆ లైసెన్సుతో కొడుకునకు సంబంధము లేదు. మాయింట అరువదేండ్లనుండి యున్నదని చెప్పిన మాట న్యాయస్థానమున నిలువదు. లైసెన్సు లేని ఆయుధము ఇంట దొరకినచో నేటి చట్టముచే రెండేండ్లనుండి అయిదేండ్లవఱకు శిక్ష. అది నిషిద్ధ బోరైనచో ఏడేండ్లనుండి పదునాలుగేండ్లవఱకు. తండ్రి ప్రేమతో దాచిన వస్తువు కొడుకు మెడకు ఉరియగుట కంటె విషాద మేమున్నది? దినవారముల సందడిలో ఈ సంగతి యెవ్వరికిని తోచదు. ఏండ్లు గడచినపిదప పెట్టె తెఱచినవాడు భయపడి మరల మూయును. ఆ భయముతో మఱి కొన్నేండ్లు గడచును.

చట్టము ఇందుకు మార్గము చూపియే యున్నది. లైసెన్సుదారు గతించినచో ఆయుధమును ఆలస్యము చేయక దగ్గఱి ఠాణాలోగాని, లైసెన్సు గల వర్తకునివద్దగాని అప్పగించి రసీదు పొందవలెను. అట్లు అప్పగించుట దానిని పోగొట్టుకొనుట గాదు. గడువులోపల వారసుడు లైసెన్సు పొంది తిరిగి తీసికొనవచ్చును. లేదా అర్హుడైన యొకనికి విక్రయింపవచ్చును. గడువు దాటనిచ్చినచో ప్రభుత్వపరమగును. వారసునకు ఇరువదియొక్క యేండ్లు నిండియుండవలెను. 2019 సవరణ ననుసరించి ఒకనివద్ద రెండింటికంటె ఎక్కువ ఆయుధములుండరాదు. వారసత్వముగా వచ్చినవియు ఈ లెక్కలోనివే. లైసెన్సు అయిదేండ్ల కొకమాఱు పునరుద్ధరింపబడవలెను. జాతీయ పట్టికలోని ప్రత్యేక సంఖ్య దానిపై నుండవలెను.

అంతకంటె మేలైన త్రోవ యొకటి కలదు. 2016 నాటి నిబంధనలను బట్టి, లైసెన్సుదారునకు డెబ్బదియేండ్లు నిండినను, లేక ఆయుధము అతనివద్ద ఇరువదియైదేండ్లున్నను, తాను బ్రతికియుండగనే తన వారసులలో నొకని పేరు సూచించి అతనికి లైసెన్సు ఇప్పించుటకు దరఖాస్తు చేసికొనవచ్చును. ఈ మాటలు వినుచున్న పెద్దలలో ఆ యర్హత గలవారు పలువు రుందురు. పొలము పంచునపుడు గట్లు చూపింతుము, బావి నీటికి వంతు లేర్పఱతుము. ఆయుధమును మాత్రము ఎవ్వరికిని చెప్పక పెట్టెలో నుంచి పోవుట న్యాయమా? మీ పిల్లలలో కోపము తక్కువ, ఓపిక యెక్కువ గలవాని నెన్నుకొనుడు. అట్టివాడు లేడని తోచినచో, లేక ఎవ్వరికిని అక్కఱ లేదని తోచినచో, మీ చేతులతోనే చట్టప్రకారము అమ్మివేయుడు, అప్పగింపుడు. అదియు గౌరవమైన వీడ్కోలే.

ఒక పని చేయుడని కోరుచున్నాను. ఈ వారములో ఒక పగటిపూట పెట్టె తెఱచి, లైసెన్సు పుస్తకమును ఆయుధమును ఎదురెదురుగా పెట్టి, అంకెను అంకెతో సరిపోల్చి, గడువు తేదిని చదివింపుడు. ఆ పిదప ఇంటి పెద్దకొడుకును, కోడలిని, మనుమరాలిని కూర్చుండబెట్టి, ఇది యున్నది, ఇట్లున్నది, నా తరువాత ఇట్లు చేయవలెను అని స్పష్టముగా చెప్పి, ఒక కాగితముపై వ్రాసి, పట్టాలతోపాటు భద్రపఱపుడు.